కుండ కిరాయి

ముప్పై రోజులు నిండినయని
తెరమీద ఎర్రగీత పడ్డది.
దేవరకొండ బస్టాండు ఎదురుగ
జిరాక్సు సెంటరు షట్టరు సగం దించి
రాత్రి పదింటికి కూసున్న నన్ను
ఎక్కడిదో ఒక పనిముట్టు
పేరు పెట్టి పిలిచి అడిగింది:
కడతవా, లేస్తవా?

ఏడాదికి ఐదువందల తొంభై డాలర్లు.
కాలిక్యులేటర్ల కొట్టి చూసిన.
పేజీకి రెండు రూపాయల లెక్కన
ఎన్ని ఆధార్లు, ఎన్ని పహాణీలు
ఈ గాజుమీద బోర్లపడాలె!
పాతికవేలు.
అది గూడ కరెంటు పోకుంటె.

నేను రాసేది చిన్నది.
కులం సర్టిఫికెట్ల మా ఇంటిపేరు
ఎప్పుడూ విరిగే వస్తుండె.
'వడ్త్యా'ల
డకారం ఒకచోట, తవత్తు ఇంకోచోట,
యవత్తు పత్తాలేదు.
ఆఫీసుల అమ్మ వేలుముద్ర వేసిన కాగితంమీద
మేము ఎవరిమో మాకే తెల్వకపోయేది.
అందుకే మొదలుపెట్టిన,
ఒత్తు జారకుండ పట్టుకునే
నాలుగువేల వరుసలు.
ఎవరైన తీస్కోవచ్చు, మార్చుకోవచ్చు,
పైసా అడగనని
మొదలు తెలుగులనే రాసి
కింద నా పేరు పెట్టిన.

ఇప్పుడు దాంట్ల మెమరీ కారుతున్నది.
బత్తాయితోటల డ్రిప్పు పైపు పగిలినట్టు
ఎక్కడో, సన్నగ.
ఆ పనిముట్టు ఉన్న నెలరోజులు
ఇదిగో ఈ వరుస, ఇదిగో ఈ చిల్లు అని
వేలుపెట్టి చూపింది.
రెండు దొరికినయి.
మూడోది చూపేలోపు గడువు తీరింది.
ఇగ
చెప్పులు విడిచి, చెట్టుచెట్టుకూ తిరిగి
అరికాళ్ళతో తడి వెతుక్కోవుడే.

గడియారం నెల వెనక్కి తిప్పి చూసిన.
దానికి ఎరుకైంది.
ఊరికే పంచేటోళ్ళకు తగ్గింపు ఉన్నదంటె
అర్జీ పెట్టిన.
మూడునెలలు తెంపులేకుండ పని చేసినట్టు
రుజువు కావాలన్నరు.
అందుల ఒక నెల టైఫాయిడు.
డిండి దవాఖాన చీటీ
రుజువు కిందికి రాదంట.

పక్క దుకాణం మైనొద్దీన్ భాయ్
మోటార్లు చుడుతడు.
చాయ్ పట్టుకొచ్చి
'ఏందిరా, మొఖం కాలిన వైండింగు లెక్కున్నది' అన్నడు.
చెప్పిన.
డబ్బాలకెల్లి పద్నాలుగో నంబరు పానా తీసి
నా బల్లమీద పెట్టిండు.
'నల్లగొండల కొన్న. ఇరవై రెండేండ్లు.
ఇది పొద్దున లేచి నన్ను కిరాయి అడిగితె
బాయిల పడేస్త.'

నవ్విన.
నవ్వు సగంలనే ఆగింది.
పానా చేసినోడు మళ్ళ ఏం తిన్నడో
భాయ్‌కి తెల్వదు, నాకూ తెల్వదు.
ఈ పనిముట్టు చేసినోళ్ళకూ
ఇంటి కిరాయిలుంటయి, పిల్లల ఫీజులుంటయి.
అందుకే
నోరారా తిట్టనీకి గూడ వస్తలేదు.

మూసేముంగట ఎందుకో
'గురించి' అన్నకాడ నొక్కిన.
ఎవరెవరి సరుకు వాడుకున్నరో
చీమ తలకాయలంత అక్షరాలల్ల జాబితా.
కిందికి, ఇంకా కిందికి.
నూట నలభై మూడోది:
వడ్త్యా లచ్చిరాం.
డకారం కింద తవత్తు,
దాని పక్కన ఒదిగి యవత్తు.
నేను నిలబెట్టిన కాడనే
కదలకుండ నిలబడి ఉన్నయి.

చానాసేపు చూసిన.
సంతోషమో, ఇంకేమో.
బయట బస్టాండు చలివేంద్రంల
బోర్లించిన కుండలు ఆరుతున్నయి.
నీళ్ళు ఊరికే పోసెటోడు
కుండకు కిరాయి కట్టాలంటె ఒక తీరు.
ఆ కుండమట్టి
వాని చెల్కలదే అయితె?

భాయ్ పానా మరిచి పోయిండు.
కాగితాలు ఎగరకుండ
దాన్నే బరువు పెట్టిన.
పది వరుసలకు ఒకసారి
'ఇక్కడిదాక బాగనే ఉన్నది' అని
నాకు నేనే చెప్పుకునేటట్టు రాసి
మొదటి వరుసకాడికి పోయి
చెప్పులు విడిచిన.